గేటుకు తాళం వేసే హక్కు ఓనర్‌కు ఉందా? కర్నూలు, కడప ఫ్యాక్టరీలకు కొత్త లేబర్ కోడ్‌లు ఏం చెప్తున్నాయంటే..

బేతంచెర్లలో ఓ నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీ ఉందనుకుందాం. 46 మంది పని చేస్తున్నారు. ఆర్డర్లు పడిపోయాయి. ఓనర్ ఓ సాయంత్రం మేస్త్రీని పిలిచి, "రేపట్నుంచి సగం మందిని రావొద్దని చెప్పు" అన్నాడు. మేస్త్రీ వెళ్లి చెప్పాడు. కాగితం లేదు, నోటీసు లేదు. కొన్ని రోజులకు కార్మిక శాఖ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. అప్పుడు ఓనర్ అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఫ్యాక్టరీ నాది, అప్పు నాది, పనిలో పెట్టుకున్నది నేను. వద్దని చెప్పే హక్కు నాకు లేదా?"

ఉంది. కానీ ఆయన చెప్పిన పద్ధతిలో లేదు.

ఇది ఊహించి చెప్పిన ఉదాహరణే. కానీ బేతంచెర్ల, కొలిమిగుండ్ల, యర్రగుంట్ల, నిడుజువ్వి వైపు తిరిగితే ఇలాంటి సంభాషణ వినబడని వీధి ఉండదు. 2025 నవంబర్ 21 నుంచి దేశమంతా నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 29 కేంద్ర చట్టాలు పోయి వాటి స్థానంలో ఇవి వచ్చాయి. వేతనాలకు ఒకటి, పారిశ్రామిక సంబంధాలకు ఒకటి, సామాజిక భద్రతకు ఒకటి, పనిచోట భద్రత, పని పరిస్థితులకు మరొకటి. "ఇక ఓనర్లదే రాజ్యం" అని యూనియన్లు అంటున్నాయి. "మాకేం ఒరిగింది, రిజిస్టర్లు మారాయి అంతే" అని చిన్న ఓనర్లు అంటున్నారు. మరి నిజం ఏంటి?

300 అనే అంకె.. రాయలసీమలో ఎంతమందికి?

కొత్త కోడ్‌లలో ఎక్కువ గొడవ జరుగుతున్నది ఈ అంకె మీదే. ఇదివరకు 100 మంది, అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీ, గని, తోటల్లో మనుషుల్ని తీసేయాలన్నా, లేఆఫ్ ఇవ్వాలన్నా, ఏకంగా మూసేయాలన్నా ముందు ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి. ఇప్పుడు ఆ పరిమితి 300 అయింది. స్టాండింగ్ ఆర్డర్లు, అంటే ఫ్యాక్టరీలో షిఫ్టులు, సెలవులు, క్రమశిక్షణ ఎలా ఉండాలో రాసిపెట్టుకునే నిబంధనలు కూడా 300 దాటితేనే తప్పనిసరి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ 300 కొత్తది కాదు. 1976లో ఎమర్జెన్సీ టైమ్‌లో అనుమతి నిబంధన మొదటిసారి తెచ్చినప్పుడు పెట్టిన అంకె ఇదే. దాన్ని 100కు తగ్గిస్తూ 1982లో సవరణ చేశారు, అది 1984లో అమల్లోకి వచ్చింది. అంటే నలభై ఏళ్ల తర్వాత బండి మళ్లీ బయల్దేరిన చోటుకే వచ్చింది.

సరే, దీనివల్ల లాభం ఎవరికి? 46 మందితో నడిచే పాలిష్ ఫ్యాక్టరీకి నిన్నా అనుమతి అక్కర్లేదు, ఇవాళా అక్కర్లేదు. మారింది 100కు, 300కు మధ్యలో ఉన్నవాళ్లకు. చిలంకూరు, నల్లలింగాయపల్లె, కలవటాల, బిలకలగూడూరు లాంటి చోట్ల ఉన్న సిమెంట్ ఫ్యాక్టరీలు, వాటి చుట్టూ పనిచేసే మధ్యస్థాయి యూనిట్లు, ఓర్వకల్లు, కొప్పర్తిలో రాబోయే కంపెనీలు దీన్ని జాగ్రత్తగా చదువుకుంటాయి. ఆ రెండు చోట్లా పారిశ్రామిక నగరాలకు కేంద్ర కేబినెట్ 2024 ఆగస్టులో ఓకే చెప్పింది.

ఆదోని సంగతి వేరు. అక్కడి పత్తి జిన్నింగ్ మిల్లులు సీజన్‌లో నడుస్తాయి, సీజన్ అయిపోతే ఆగుతాయి. ఇలా సీజన్ మీద నడిచే వాటికి ఈ అనుమతి నిబంధన వర్తించదు. మనుషులు ఎంతమంది ఉన్నా సరే.

మూసేసుకోవడం హక్కేనా?

ఇది కోర్టులు చాలాసార్లు తేల్చిన విషయం. బొంబాయిలోని ఓ రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీ కేసులో 1978లో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చేసింది. వ్యాపారం చేసే హక్కులో దాన్ని మూసేసే హక్కు కూడా భాగమే. అయితే అది హద్దులు లేని హక్కు కాదు. ఎక్సెల్ వేర్ కేసుగా దీనికి పేరు. అప్పట్లో ఉన్న మూసివేత అనుమతి సెక్షన్‌ను కోర్టు కొట్టేసింది. ప్రభుత్వం దాన్ని మార్చి మళ్లీ తెచ్చింది. మార్చిన సెక్షన్ 2002లో సుప్రీంకోర్టులో నిలబడింది.

అంటే ఓనర్‌ని చచ్చేదాకా నష్టంలో నడపమని చట్టం చెప్పదు. వెళ్లేటప్పుడు లెక్క తేల్చి వెళ్లమంటుంది. 300 దాటిన ఫ్యాక్టరీలో మనిషిని తీసేయడానికి అనుమతి అడిగితే ప్రభుత్వం 60 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అనుమతి ఇచ్చినట్టే. 50 మంది, అంతకు మించి ఉన్న యూనిట్ మూసేయాలంటే 60 రోజుల ముందు నోటీసు. అంతకన్నా చిన్నవాళ్లకు ఆ నోటీసు కూడా లేదు. కానీ పరిహారం తప్పదు.

ఆ పరిహారం ఎంతో ఓసారి లెక్క వేద్దాం

మన 46 మంది ఫ్యాక్టరీలోనే ఒక కార్మికుడిని తీసుకుందాం. ఎనిమిదేళ్లుగా పని చేస్తున్నాడు. లెక్క కోసం రోజుకు 500 రూపాయలు, నెలకు 26 పనిదినాలు, అంటే 13,000 అనుకుందాం. తప్పేం చేయలేదు, పని లేదని తీసేస్తున్నారు. దీన్నే చట్టం రిట్రెంచ్‌మెంట్ అంటుంది.

ఏడాది నిండా పనిచేసిన ఎవరినైనా ఇలా తీసేయాలంటే నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. లేదా నెల జీతం చేతిలో పెట్టాలి. అది 13,000. ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున ఎనిమిదేళ్లకు పరిహారం 60,000. గ్రాట్యుటీ దీనికి వేరే, అదీ 60,000 అవుతుంది. ఇవి పాతవే. కొత్త కోడ్ ఇంకోటి కలిపింది. తీసేసిన ప్రతి కార్మికుడి పేరుమీద 15 రోజుల వేతనాన్ని రీస్కిల్లింగ్ ఫండ్‌కు ఓనర్ కట్టాలి. అది 7,500. ఆ డబ్బు 45 రోజుల్లోపు కార్మికుడి ఖాతాలో పడాలి.

మొత్తం 1,40,500 రూపాయలు. ఒక్క మనిషికి. 23 మందికి ఇదే సర్వీసు ఉంటే 32 లక్షలు దాటుతుంది. మేస్త్రీతో నోటిమాట చెప్పి పంపిన ఓనర్ నెత్తిన నిజంగా ఉన్న బరువు ఇది. ఆయనకు ఆ రోజు ఆ సంగతి తెలియలేదు, అంతే తేడా.

ఎవర్ని తీయాలో కూడా ఇష్టం వచ్చినట్టు కుదరదు. మామూలుగా చివర్లో చేరినవాళ్లు ముందు వెళ్లాలి. వేరేలా చేస్తే కారణం రాసిపెట్టాలి. "యూనియన్‌లో తిరుగుతున్నాడు" అనేది కారణం కాదు. యూనియన్ పెట్టుకోవడం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు.

మరి ఓనర్ డబ్బు మిగుల్చుకునే దారి ఏమీ లేదా? ఉంది. దాని పేరు ఫిక్స్‌డ్ టర్మ్. ఇన్ని నెలలకు, లేదా ఇన్నేళ్లకు అని ముందే రాసుకుని నేరుగా పనిలో పెట్టుకోవడం. గడువు అయిపోతే దాన్ని రిట్రెంచ్‌మెంట్ అనరు, ఆ పరిహారమూ ఉండదు. కానీ ఆ కాలంలో జీతం, సౌకర్యాలు పర్మినెంట్ వాళ్లతో సమానంగా ఇవ్వాలి. ఏడాది పూర్తయితే గ్రాట్యుటీ కూడా. పర్మినెంట్ కార్మికుడికి ఐదేళ్లు, వీళ్లకు ఏడాదే. కొప్పర్తి, ఓర్వకల్లులో పుట్టబోయే ఉద్యోగాల్లో ఎక్కువ భాగం ఈ దారిలోనే ఉంటాయని అనుకోవచ్చు. ఏడాదికోసారి కాగితం తిరగరాసుకునే ఉద్యోగంలో యూనియన్ పెట్టాలంటే ఎంత గుండె కావాలో చెప్పక్కర్లేదు.

కరెంటు లేని రోజు కూలి ఎవరిది?

2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. కోత మిషన్లు, పాలిష్ మిషన్లు నడిపే వాళ్లకు అది మర్చిపోయే నెల కాదు. మిషన్ ఆగితే మనిషి ఖాళీ. మరి ఆ రోజు కూలి ఇవ్వాలా?

కరెంటు, బొగ్గు, ముడిసరుకు లేక పని ఇవ్వలేకపోతే దాన్ని లేఆఫ్ అంటారు. 50 మంది, అంతకు మించి ఉన్న యూనిట్లలో లెక్క స్పష్టంగానే ఉంది. బేసిక్, డీఏ కలిపిన దాంట్లో సగం ఇవ్వాలి.

50 లోపు ఉంటే? "మాకు ఆ సెక్షన్ వర్తించదు, అంటే మేం ఏమీ ఇవ్వక్కర్లేదు" అని చిన్న ఓనర్లు అనుకుంటారు. ఇక్కడే పప్పులో కాలేస్తున్నారు. జీతం ఇవ్వకుండా లేఆఫ్ చేసే హక్కు ఓనర్‌కు పుట్టుకతో రాదు. అది చట్టంలోనైనా ఉండాలి, ఒప్పందంలోనైనా ఉండాలి. రెండింట్లోనూ లేకపోతే పూర్తి కూలి అడిగే హక్కు కార్మికుడికి ఉంటుంది. ఫైర్‌స్టోన్ టైర్ కంపెనీ కేసులో 1976లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. అంటే 60 మంది ఉన్న ఫ్యాక్టరీ సగం ఇచ్చి బయటపడుతుంది. 46 మంది ఉన్న ఫ్యాక్టరీ, చేతిలో కాగితం లేకపోతే, మొత్తం ఇవ్వాల్సి రావచ్చు.

ఆ కాగితమే అపాయింట్‌మెంట్ లెటర్. కొత్త కోడ్‌లు దాన్ని తప్పనిసరి చేశాయి. చాలామంది ఓనర్లు దీన్ని కార్మికుడి చేతికిచ్చే ఆయుధంలా చూస్తున్నారు. లెటర్ ఇస్తే రేపు కేసు వేస్తాడని భయం. నిజానికి లెటర్ లేకపోయినా కేసు వేస్తాడు. మస్టర్ రోల్, బ్యాంకు ఖాతా, ఫోన్‌పేలో పడిన డబ్బు, తోటి కార్మికుల సాక్ష్యం చాలు. లెటర్ లేకపోతే నష్టపోయేది ఓనరే. షిఫ్ట్ ఎప్పుడు, కరెంటు పోతే ఏంటి, ఎన్నాళ్లకు పని, ఎలాంటి తప్పుకు ఎలాంటి చర్య, ఇవన్నీ చెప్పుకోవడానికి ఆయన దగ్గర ఇంకేం ఉంటుంది?

సమ్మె చేస్తే ఓనర్ ఏం చేయొచ్చు?

ఇదివరకు ముందస్తు నోటీసు నిబంధన ప్రజోపయోగ సేవలకే ఉండేది. ఇప్పుడు అన్ని పరిశ్రమలకూ వచ్చింది. సమ్మెకు కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇచ్చిన నోటీసు 60 రోజులదాకా పనికొస్తుంది. నోటీసు అందాక కార్మిక శాఖ అధికారి ఇరువైపులా కూర్చోబెట్టి రాజీ చర్చలు మొదలుపెడతారు. ఆ చర్చలు నడుస్తున్నంత కాలం, అయిపోయాక మరో ఏడు రోజులు సమ్మె చేయకూడదు. ఇంకో మెలిక కూడా ఉంది. సగం మంది, అంతకు మించి కలిసికట్టుగా ఒకేరోజు క్యాజువల్ లీవ్ పెట్టినా అదీ సమ్మె కిందే లెక్క.

"నోటీసు ఇస్తే చర్చలు, చర్చలుంటే సమ్మె వద్దు, ఇక మేం సమ్మె చేసేదెప్పుడు?" అని యూనియన్లు అడుగుతున్నాయి. అడగడంలో న్యాయం ఉంది. 2025 జులై 9న దేశవ్యాప్త సమ్మెకు, అదే ఏడాది నవంబర్ 26 నిరసనలకు ప్రధాన కారణాల్లో ఈ కోడ్‌లు ఉన్నాయి.

అయితే ఓనర్లు చదవడం మర్చిపోతున్న సగం ఒకటుంది. ఇవే రూల్స్ లాకౌట్‌కూ వర్తిస్తాయి. పొద్దున్నే గేటుకు తాళం వేసి, వాచ్‌మన్‌తో "లోపలికి రావొద్దు" అనిపిస్తే అది చట్టవిరుద్ధ లాకౌట్. చట్టవిరుద్ధంగా సమ్మె చేసిన కార్మికుడికి 1,000 నుంచి 10,000 రూపాయల జరిమానా లేదా నెలదాకా జైలు, లేదా రెండూ. చట్టవిరుద్ధ లాకౌట్ చేసిన ఓనర్‌కు 50,000 నుంచి లక్ష రూపాయలు, లేదా నెలదాకా జైలు, లేదా రెండూ. ఒక వెసులుబాటు ఉంది. కార్మికులు ముందు చట్టవిరుద్ధంగా సమ్మెకు దిగితే, దానికి జవాబుగా వేసిన లాకౌట్‌ను తప్పు పట్టరు.

డబ్బు విషయంలో ఓనర్ చేయి బలంగానే ఉంది. పని లేకపోతే జీతం లేదు అనే సూత్రాన్ని సుప్రీంకోర్టు ఎప్పుడో ఒప్పుకుంది. బ్యాంకు ఉద్యోగులు నాలుగు గంటలు సమ్మె చేస్తే బ్యాంకు పూర్తి రోజు జీతం కోసింది. 1990లో కోర్టు బ్యాంకు పక్షాన నిలిచింది. పది మంది, అంతకు మించి కూడబలుక్కుని నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా డుమ్మా కొడితే, రాని రోజుల కూలితో ఆగకుండా ఎనిమిది రోజుల వేతనం దాకా కోసే వీలు వేతనాల చట్టంలోనే ఉంది.

ఎవరితో మాట్లాడాలన్నది కూడా తేలింది. ఒక ఫ్యాక్టరీలో నాలుగు జెండాలు ఉంటే ఓనర్‌కు పెద్ద తలనొప్పి. ఏఐటీయూసీతో ఒప్పందం చేసుకుంటే ఐఎన్‌టీయూసీ ఒప్పుకోదు, సీఐటీయూతో మాట్లాడితే బీఎంఎస్ గేటు దగ్గర కూర్చుంటుంది. ఇప్పుడు 51 శాతం కార్మికుల మద్దతున్న యూనియన్‌తోనే చర్చ. ఎవరికీ అంత లేకపోతే, 20 శాతానికి తగ్గకుండా బలమున్న యూనియన్ల ప్రతినిధులతో కౌన్సిల్. ఇది ఓనర్‌కు సుఖమే. కాకపోతే ఒక బలమైన యూనియన్ ఎదురుగా కూర్చుంటే బేరం కూడా బలంగానే ఉంటుంది. నలుగురి మధ్య తగువు పెట్టి తప్పించుకునే రోజులు పోయినట్టే.

కాంట్రాక్టర్ మీదకు నెట్టేస్తే సరిపోతుందా?

సరిపోదు. ఇప్పుడు 50 మంది, అంతకు మించి కాంట్రాక్టు కార్మికులుంటేనే లైసెన్సు గోల. అంతవరకు సులువే. కానీ ఫ్యాక్టరీ అసలు పనిలో, అంటే కోర్ యాక్టివిటీలో కాంట్రాక్టు కార్మికుల్ని పెట్టకూడదు. ఈ మాట మనకు కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే చట్టాన్ని సవరించి ఇదే పద్ధతి తెచ్చింది. సెక్యూరిటీ, క్యాంటీన్, శుభ్రత, ఆవరణలో లోడింగ్, అన్‌లోడింగ్ లాంటివి మామూలుగా కోర్ కిందకు రావు. సిమెంట్ ఫ్యాక్టరీలో బస్తాలు ఎత్తేవాళ్లు కాంట్రాక్టర్ కింద ఉండొచ్చు. కిల్న్ నడిపేవాడు ఉండొచ్చా అంటే అక్కడ కేసు పుడుతుంది. కాంట్రాక్టర్ జీతాలు ఎగ్గొట్టి పోతే కట్టాల్సింది మాత్రం అసలు యజమానే. ఇందులో ఏ మార్పూ లేదు.

నాపరాయి వ్యాపారంలో ఇంకో తికమక. గని, పాలిష్ ఫ్యాక్టరీ ఒకే ఓనర్‌వి కావొచ్చు. రాయి తీసే గని కేంద్ర కార్మిక శాఖ కిందకు వస్తుంది, భద్రత చూసేది గనుల భద్రతా డైరెక్టరేట్. అదే రాయి లారీ ఎక్కి నాలుగు కిలోమీటర్లు వచ్చి పాలిష్ మిషన్ కిందకు చేరగానే రాష్ట్ర కార్మిక శాఖ పరిధి. గనిలో గొడవైతే కర్నూలు, కడపలోని రాష్ట్ర కార్మిక శాఖ ఆఫీసుకు పరిగెత్తి లాభం లేదు.

జీతం స్లిప్పులో మార్పు ఏంటి?

నెలకు 15,000 ఇస్తూ బేసిక్ 6,000 చూపించి, మిగతా 9,000 అలవెన్సుల కింద రాసేయడం పాత పద్ధతి. పీఎఫ్ 6,000 మీదే కట్టొచ్చు కదా అని. ఇప్పుడు అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలపాలి. ఇక్కడ సగం అంటే 7,500. దాటింది 1,500. వేతనం 7,500 అవుతుంది. 12 శాతం చొప్పున ఓనర్ కట్టే పీఎఫ్ 720 నుంచి 900కు పెరుగుతుంది. కార్మికుడి వాటా కూడా అంతే పెరుగుతుంది, చేతికొచ్చేది కాస్త తగ్గుతుంది. గ్రాట్యుటీ ఏడాదికి 3,461 నుంచి 4,327 దగ్గరకు వెళ్తుంది.

మానేసినా, తీసేసినా వేతనాల లెక్క రెండు పనిదినాల్లో తేల్చాలి. "పండగ అయ్యాక రా, చూద్దాం" అనే మాట చెల్లదు.

ఇక పనిగంటలు. 2025 జూన్‌లో రాష్ట్ర కేబినెట్ రోజువారీ పనిని 9 నుంచి 10 గంటలకు, మూడు నెలల ఓవర్‌టైమ్ పరిమితిని 75 నుంచి 144 గంటలకు పెంచాలని నిర్ణయించింది. ఆరు నెలలు తిరక్కుండా అమల్లోకి వచ్చిన కేంద్ర కోడ్ మాత్రం రోజుకు 8 గంటలు అంటోంది. ఏది పట్టుకోవాలని ఓనర్లు తల గోక్కుంటున్నారు. రెండింట్లోనూ మారనివి రెండున్నాయి. వారానికి 48 గంటలు, అది దాటితే రెట్టింపు కూలి. ఈ రెండూ పాటించే ఓనర్‌ను ఏ అధికారీ పెద్దగా ఇబ్బంది పెట్టలేరు.

మళ్లీ మన బేతంచెర్ల ఓనర్ దగ్గరకు వద్దాం. ఆయన ఇప్పుడు చేయగలిగింది ఉంది. 23 మందినీ పిలిచి, నోటీసు ఇచ్చి, లెక్క కట్టి, విడతల్లో ఇవ్వడానికి రాజీ అధికారి ముందు ఒప్పందం రాసుకోవచ్చు. లేదా తిరిగి పనిలోకి తీసుకుని షిఫ్టులు సర్దుకోవచ్చు. లెక్క కట్టి పంపాడే అనుకుందాం. ఏడాది లోపు హైదరాబాద్ నుంచో, బెంగళూరు నుంచో ఆర్డర్లు మళ్లీ వచ్చి మనుషులు కావాల్సి వస్తే, కొత్తవాళ్ల కోసం వెతకడానికి ముందు ఆ 23 మందికే కబురు పెట్టాలి. అదీ చట్టంలో ఉంది.